మోటారు సైకిలు చైను, స్ప్రాకెట్ల మార్పిడి – రైతులు తెలిసికొనదగిన విషయములు

నేటి పల్లెలలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. నాగలి, గుంటక, స్ప్రేయరులతోపాటు అదియు వ్యవసాయపు పనిముట్లలో ఒకటి. తెల్లవారుఝామున పాల క్యానులను కేంద్రమునకు చేర్చుటకు, కూరగాయల బుట్టలను సంతకు తీసికొనిపోవుటకు, ఎరువుల బస్తాను పొలము గట్టు వరకు తెచ్చుటకు రైతు దీనినే నమ్ముకొని యున్నాడు. చాలమంది వద్ద నున్నవి పది, పదునైదు, ఇరువది సంవత్సరముల నాటి పాత బండ్లు. ఇంజను బాగుగా నున్నంతకాలము వానిని వదలుకొన నవసరము లేదు. అయితే పాత బండికి తగిన పోషణ ఉండవలెను.

ఇంజను ఆయిలు మార్చుట, గాలి చూచుకొనుట చాలమందికి అలవాటే. చైను సంగతి మాత్రము అది చప్పుడు చేసినప్పుడే గుర్తునకు వచ్చును. అప్పటికి మెకానిక్కు రెండు లంకెలు తీసివేయును, లేదా చక్రమును వెనుకకు జరిపి బిగించును. ఇట్లు ఎన్నాళ్లో నడువదు. బరువుతో పోవుచున్న బండి చైను తెగినచో అది ముందు స్ప్రాకెట్టు వద్ద ముద్దగా చుట్టుకొని ఇంజను కేసును పగులగొట్టవచ్చును. లేదా వెనుక చక్రమును పట్టివేసి బండిని పడవేయవచ్చును. మొదటి దానివలన వేలాది రూపాయల నష్టము. రెండవ దానివలన ప్రాణహాని. సకాలములో చైను సెట్టు మార్చినచో ఈ రెండును తప్పును.

ఈ పనిని కొద్దిపాటి పనిముట్లతో రైతు ఇంటివద్దనే ఒక పూటలో చేసికొనవచ్చును. స్వయముగా చేయలేనివారు సయితము ఈ విషయములు తెలిసియున్నచో మెకానిక్కు పని సరిగా చేసినది లేనిది గ్రహింపగలరు. 1985లో అమ్మకమునకు వచ్చిన హీరో హోండా సి.డి. 100, 1994లో వచ్చిన స్ప్లెండరు మొదలగు 100 సి.సి. బండ్లు మన పల్లెలలో ఎక్కువ. కావున ముఖ్యముగా వానిని దృష్టియందుంచుకొని ఈ వ్యాసము వ్రాయబడినది.

చైను ఎట్లు అరుగును?

చైను చూచుటకు ఒకే వస్తువుగా కనబడును గాని అది వందలాది చిన్న భాగముల కూర్పు. లోపలి బిళ్లలు, బయటి బిళ్లలు, వానిని కలుపు పిన్నులు, పిన్నులపై తొడిగిన బుష్షులు, బుష్షులపై తిరుగు రోలర్లు – ఇవి దాని అంగములు. ఈ రకపు చైనుకు 1880లో హాన్స్ రెనాల్డ్ అను ఇంజనీరు ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున పేటెంటు పొందెను. నాటినుండి నేటివరకు దాని నిర్మాణములో మూలసూత్రము మారలేదు.

"చైను సాగినది" అని మనము అనుచుందుము. నిజమునకు ఇనుప బిళ్లలు సాగవు. పిన్నుకును బుష్షునకును నడుమ ఆయిలు ఎండిపోయి, దుమ్ము చేరి, ఆ రెండును ఒరసికొని అరుగును. ఒక్కొక్క పిన్ను వద్ద జరుగు అరుగుదల కంటికి కనబడదు. కాని 100 సి.సి. బండి చైనులో సుమారు 110 లంకెలుండును. ఒక్కొక్క దానివద్ద 0.1 మిల్లీమీటరు అరిగినను మొత్తము చైను 11 మిల్లీమీటర్లు పొడవగును. ఇదియే మనము సాగుట అనుకొనునది.

చైను పొడవైన కొలది దాని రోలర్లు స్ప్రాకెట్టు పండ్ల అడుగున కూర్చుండక పైకి ఎగబ్రాకును. బరువు అంతయు పంటి కొనపై పడును. అప్పుడు పండ్లు ఒక ప్రక్కకు అరిగి కొడవలి మొనవలె వంకరగా తయారగును. అరిగిన చైను పండ్లను తినివేయును. అరిగిన పండ్లు చైనును తినివేయును. ముందు స్ప్రాకెట్టు చిన్నది. వెనుక చక్రము ఒకసారి తిరుగులోపల అది సుమారు మూడుసార్లు తిరుగును. కావున దాని పండ్లు ముందుగా అరుగును.

మార్పు అవసరమని తెలిసికొనుట

ఈ క్రింది పరీక్షలను ఇంజను ఆపి, బండిని చదునైన నేలపై నడిమి స్టాండు వేసి చేయవలెను. చైను కవరు ఉన్న బండ్లలో దానిని తీసి చూడవలెను.

1. కొలత: పానాతో గాని బరువుతో గాని చైనును బిగువుగా నుంచి, ఒక పిన్ను నడిమి నుండి లెక్కపెట్టి 21వ పిన్ను నడిమి వరకు స్కేలుతో కొలువవలెను. ఈ రెంటి మధ్య 20 లంకెలుండును. ఒక్కొక్క లంకె 12.7 మిల్లీమీటర్లు గనుక క్రొత్త చైనులో ఈ కొలత 254 మిల్లీమీటర్లు. ఇది 259 మిల్లీమీటర్లకు చేరినచో చైను పని అయిపోయినట్లే. అనగా ఒక్కొక్క పిన్ను వద్ద పావు మిల్లీమీటరు అరుగుదల చాలును. 257 దాటినప్పుడే క్రొత్త సెట్టుకు డబ్బు సిద్ధము చేసికొనుట మంచిది. చైను అంతట ఒకే రీతిగా అరుగదు. కావున మూడు నాలుగు చోట్ల కొలిచి ఎక్కువ వచ్చిన దానినే లెక్కలోనికి తీసికొనవలెను.

2. లాగి చూచుట: వెనుక స్ప్రాకెట్టునకు సరిగా వెనుకవైపున చైనును వ్రేళ్లతో పట్టి లాగవలెను. మంచి చైను కదలదు. సగము పన్ను బయటకు కనబడునంతగా అది లేచివచ్చినచో మార్చవలసినదే.

3. పండ్లను చూచుట: రెండు ప్రక్కల సమానముగా నుండవలసిన పన్ను ఒక ప్రక్కకు వంగి, కొన సూదిగా నున్నచో ఆ స్ప్రాకెట్టు పనికిరాదు. పంటి ప్రక్కభాగములు ఒరసికొని మెరయుచున్నచో చక్రము వంకరగా బిగించబడినదని గ్రహింపవలెను.

4. బిగిసిన లంకెలు: చక్రమును చేతితో నెమ్మదిగా త్రిప్పుచు చూచినచో కొన్ని లంకెలు వంగక ముడుచుకొనియే యుండుట కనబడవచ్చును. ఆయిలు వేసిన తరువాత కూడ అవి కదలనిచో చైను లోపల తుప్పు పట్టినదని అర్థము.

5. చక్రమును వెనుకకు జరుపుటకు అడ్జస్టరులో ఇక చోటు లేకపోవుట అన్నిటికంటె స్పష్టమైన సూచన. అప్పుడు రెండు లంకెలు తీయించి మరికొన్నాళ్లు నడుపుట పొదుపు కాదు. అది అపాయమును వాయిదా వేయుట మాత్రమే.

మూడును కలిపియే మార్చవలెను

చైను ఒక్కటే మార్చిన చాలదా యని పలువురు అడుగుచుందురు. ఒక రైతు పాత స్ప్రాకెట్లపైననే క్రొత్త చైను వేయించెననుకొనుడు. క్రొత్త చైను లంకెల ఎడము సరిగా 12.7 మిల్లీమీటర్లు. పాత పండ్లు అరిగి వేరొక ఎడమునకు అలవాటుపడి యున్నవి. రెండును కుదురవు. బరువంతయు ఒకటి రెండు పండ్లపైననే పడి, క్రొత్త చైను త్వరలోనే పాతదానివలె అగును. పిమ్మట మరల చైను కొనవలెను. అప్పటికి స్ప్రాకెట్లును మార్చక తప్పదు. ఒక చైను ఖరీదు వృథా అయినట్లే గదా! కావున ముందు స్ప్రాకెట్టు, వెనుక స్ప్రాకెట్టు, చైను – మూడును ఒకేసారి మార్చుటయే నిజమైన పొదుపు.

కొనునపుడు గమనించవలసినవి

చైను బిళ్లలపై ఒక సంఖ్య ముద్రించబడి యుండును. 100 సి.సి. బండ్లలో సాధారణముగా 428 అని యుండును. మొదటి అంకె లంకె ఎడమును తెలుపును. 4 అనగా అంగుళములో ఎనిమిదవ భాగములు నాలుగు, అనగా అర అంగుళము, అదియే 12.7 మిల్లీమీటర్లు. తరువాతి రెండు అంకెలు వెడల్పును తెలుపును. 420 చైను ఎడము కూడ అర అంగుళమే గాని వెడల్పు తక్కువ. కావున అది 428 స్ప్రాకెట్టుపై కూర్చుండదు. ఎడము సరిపోయినదని తొందరపడి కొనరాదు.

దుకాణమునకు పోవునపుడు మూడు లెక్కలు కాగితముపై వ్రాసికొని పోవలెను: ముందు స్ప్రాకెట్టు పండ్లెన్ని, వెనుకదాని పండ్లెన్ని, చైను లంకెలెన్ని. పండ్ల సంఖ్య స్ప్రాకెట్టుపై ముద్రించబడి యుండును. లేనిచో సుద్దముక్కతో ఒక పంటిపై గుర్తు పెట్టి లెక్కింపవలెను. ఇదివరలో ఎవరైన లంకెలు తీసియున్నచో పాత చైను లెక్క తక్కువ రావచ్చును; అట్టిచో బండితో వచ్చిన పుస్తకములోని లెక్కనే తీసికొనవలెను.

ఒకే తయారీదారుని సెట్టును, మూసియున్న పెట్టెతో, బిల్లు తీసికొని కొనవలెను. మంచి కంపెనీ పేరుతో నకిలీ సరుకు కూడ అమ్ముడగుచున్నది. చౌకగా వచ్చు మెత్తని ఇనుప స్ప్రాకెట్టు పండ్లు త్వరగా అరిగిపోవును. సెట్టుతోపాటు క్రొత్త లాకు వాషర్లు, ఇరుసుకు స్ప్లిట్ పిన్ను, విడిగా ఒక చైను లాకు కొనవలెను. ఆ చైను లాకును బండి పనిముట్ల సంచిలో ఎల్లప్పుడు ఉంచుకొనవలెను.

కావలసిన పనిముట్లు

బండికి తగిన పానాలు, సాకెట్ పానా, కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవరు, సుత్తి, చిన్న ఉలి, స్కేలు, గట్టి దారము, పాత బ్రష్షు, గుడ్డపీలికలు, కొద్దిగా కిరసనాయిలు గాని డీజిలు గాని, 90 నంబరు గేరు ఆయిలు. విప్పిన బోల్టులు పెట్టుకొనుటకు ఒక పళ్లెము కూడ అవసరము. ఏ బోల్టు ఎచ్చటిదో ఆ వరుసలోనే పెట్టుట అలవాటు చేసికొనవలెను.

విప్పు విధానము

1. గేరు పెడలు ఏ కోణములో నున్నదో గుర్తు పెట్టి, దాని బోల్టు విప్పి తీయవలెను. పిమ్మట ఇంజను ఎడమవైపు కవరును, చైను కవరు రెండు భాగములను తీయవలెను. లోపల గట్టిపడిన మట్టి, జిడ్డును గీకి, కిరసనాయిలు బ్రష్షుతో శుభ్రపరుపవలెను.

2. చైను తీయుటకు ముందే ముందు స్ప్రాకెట్టు బోల్టులను వదులు చేయవలెను. ఇది ముఖ్యము. బండిని గేరులో నుంచి, వెనుక బ్రేకును ఒకరు గట్టిగా త్రొక్కి పట్టుకొన్నచో చైను స్ప్రాకెట్టును కదలనీయదు. బోల్టు సులభముగా వదులగును. చైను తీసిన తరువాత ఈ ఆధారము ఉండదు. కొన్ని బండ్లలో రెండు చిన్న బోల్టులు, వానితో ఒక పలుచని బిళ్ల ఉండును. మరికొన్నిటిలో నడుమ ఒకే పెద్ద నట్టు, దానిక్రింద మడిచిన లాకు వాషరు ఉండును. మడతను ఉలితో చదును చేయకుండ నట్టును త్రిప్పరాదు.

3. ఇట్లే వెనుక ఇరుసు నట్టును, పెద్ద నట్టును కూడ వదులు చేయవలెను. స్ప్లిట్ పిన్ను ఉన్నచో ముందుగా తీయవలెను. తరువాత బండిని న్యూట్రలులోనికి తేవలెను.

4. అడ్జస్టర్లను వదులు చేసి చక్రమును ముందుకు నెట్టవలెను. చైను లాకును వెనుక స్ప్రాకెట్టు మీదికి తెచ్చి, ప్లయరుతో క్లిప్పును జరిపి తీయవలెను. క్లిప్పు ఎగిరిపోవును గనుక చేయి అడ్డముంచి తీయవలెను. లాకు తీసి చైనును లాగివేయవలెను.

5. బ్రేకు రాడ్డును, బ్రేకు ప్లేటును ఫోర్కునకు పట్టియుంచు కడ్డీని విప్పి, ఇరుసును లాగి చక్రమును తీయవలెను. కొన్ని బండ్లలో చక్రము వచ్చినను స్ప్రాకెట్టుతో కూడిన భాగము ఫోర్కునకే నిలిచియుండును. పెద్ద నట్టును పూర్తిగా విప్పి దానిని తీయవలెను.

6. వెనుక స్ప్రాకెట్టు నట్ల లాకు వాషర్ల మడతలను చదును చేసి, ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా విప్పుచు స్ప్రాకెట్టును వేరుచేయవలెను.

చక్రము చేతిలో నుండగా చూడవలసినవి

ఈ అవకాశము మరల ఏడాది రెండేండ్ల వరకు రాదు. కావున డ్రమ్ములోని రబ్బర్లను చూడవలెను. అవి నలిగి వదులైనచో గేరు వేసినప్పుడెల్ల చైనుకు కుదుపు తగులును, క్రొత్తవి వేయవలెను. బేరింగులను వ్రేలితో త్రిప్పి గరగరలాడుచున్నవేమో చూడవలెను. బ్రేకు షూలు పలుచబడినచో మార్చవలెను. బ్రేకు డ్రమ్ములోని పొడిని నోటితో ఊదరాదు. పాత షూలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని చేయును. తడిగుడ్డతో తుడువవలెను. ముందు స్ప్రాకెట్టు వెనుక ఆయిలు కారుచున్నచో అచ్చటి సీలును ఇప్పుడే మార్పించుట మంచిది.

బిగించు విధానము

1. క్రొత్త స్ప్రాకెట్లను పాతవానిపై ఆనించి పండ్ల సంఖ్య, బోల్టు రంధ్రములు, నడిమి రంధ్రము సరిపోవుచున్నవని చూచుకొనవలెను.

2. వెనుక స్ప్రాకెట్టు కూర్చుండు తావును శుభ్రపరిచి, క్రొత్త లాకు వాషర్లతో నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, సమానముగా బిగించవలెను. పిమ్మట వాషరు చెవులను నట్టు ప్రక్కకు మడువవలెను. పాత వాషరును రెండవసారి మడిచినచో విరుగును.

3. ముందు స్ప్రాకెట్టును ఇరుసుపైకి జొనిపి, బిళ్లను గాడిలో త్రిప్పి రంధ్రములు కలిపి బోల్టులు వేయవలెను. పూర్తి బిగువు చైను వేసిన తరువాత, మొదట విప్పిన విధముగనే గేరులో నుంచి బ్రేకు త్రొక్కి ఇయ్యవలెను.

4. చక్రమును, బ్రేకు ప్లేటు కడ్డీని, ఇరుసును యథాస్థానమున ఉంచవలెను. నట్టును చేతితో మాత్రమే త్రిప్పి వదలవలెను.

5. క్రొత్త చైను లంకెలను లెక్కింపవలెను. దానిని పాతదాని ప్రక్కన పరచి పొడవు సరిచూచి కత్తిరించుట పెద్ద పొరపాటు. పాతది అరిగి పొడవైనది గదా! పొడవు చూచి కోసినచో క్రొత్తదానిలో లంకెలు ఎక్కువగా మిగులును. ఎల్లప్పుడు లంకెల సంఖ్యనే చూడవలెను.

6. చైనును ముందు స్ప్రాకెట్టు చుట్టు త్రిప్పి, రెండు కొనలను వెనుక స్ప్రాకెట్టు పండ్లపై చేర్చవలెను. పండ్లే కొనలను సరియైన ఎడములో పట్టియుంచును. లాకును లోపలివైపు నుండి దూర్చి, బయట బిళ్ల వేసి, క్లిప్పును గాడిలో పూర్తిగా కూర్చుండునట్లు జరుపవలెను.

7. క్లిప్పు దిశ: క్లిప్పునకు ఒక కొన మూసియుండును, ఒక కొన చీలియుండును. బండి ముందుకు పోవునప్పుడు చైను ఏ దిక్కునకు పరుగెత్తునో మూసిన కొన ఆ దిక్కునకు ఉండవలెను. పైభాగమున చైను వెనుకనుండి ముందుకు పోవును. కావున లాకు పైభాగమున నున్నప్పుడు మూసిన కొన బండి ముందువైపు చూడవలెను. తిరుగవేసినచో చీలిన కొనకు ఏదైన తగిలి క్లిప్పు ఊడును. చైను దారిలో విడిపోవును. అరచిటికెన వ్రేలంత లేని ఈ క్లిప్పుపైననే మీ ప్రయాణము ఆధారపడి యున్నదని మరువరాదు.

వదులు సరిచేయుట

క్రింది భాగములో, రెండు స్ప్రాకెట్ల నడుమ మధ్యచోట చైనును వ్రేలితో పైకి ఎత్తి, క్రిందికి దింపి, మొత్తము కదలిక ఎంతయో స్కేలుతో చూడవలెను. ఈ తరగతి బండ్లకు సాధారణముగా 20 నుండి 30 మిల్లీమీటర్లు ఉండవలెను. మీ బండి పుస్తకములో వేరొక కొలత యున్నచో దానినే పాటింపవలెను. చక్రమును త్రిప్పుచు నాలుగైదు చోట్ల చూచి, ఎక్కువ బిగువుగా నున్నచోట ఈ కొలత వచ్చునట్లు చేయవలెను.

రెండు వైపుల అడ్జస్టర్లను సమానముగా త్రిప్పవలెను. ఫోర్కుపై నున్న గీతలు రెండు ప్రక్కల ఒకే లెక్కకు రావలెను. గీతలు చెరగిపోయిన పాత బండ్లలో దారమును వెనుక టైరు రెండు ప్రక్కల ఆనించి ముందు టైరు వరకు లాగి పట్టినచో చక్రము వంకర తెలియును. వెనుకనుండి వంగి చైను వెంట చూచినను అది సూటిగా పోవుచున్నది లేనిది కనబడును.

చైను బిగువుగా నున్నచో మంచిదను అభిప్రాయము తప్పు. బరువు పడి బండి క్రుంగునప్పుడు చైను ఇంకను బిగియును. అప్పుడు గేరుబాక్సు బేరింగు, చక్రము బేరింగు దెబ్బతినును, చైనును తెగవచ్చును. కావున బరువులు మోయువారు సీటుపై ఒక మనిషిని కూర్చుండబెట్టి, చైనులో ఇంకను కొంత వదులు మిగిలియున్నదని చూచుకొనవలెను. మరీ వదులుగా నున్నచో గతుకులలో చైను స్ప్రాకెట్టు పైనుండి జారును.

ఇప్పుడు పెద్ద నట్టును, ఇరుసు నట్టును గట్టిగా బిగించి, క్రొత్త స్ప్లిట్ పిన్ను వేసి, కొనలు మడిచి, వదులును మరల ఒకసారి కొలువవలెను. నట్టు బిగించునప్పుడు కొలత మారుట సహజము. బ్రేకు ప్లేటు కడ్డీ నట్టును, దాని పిన్నును రెండుమార్లు సరిచూడవలెను. ఇది మరచినచో బ్రేకు త్రొక్కగనే ప్లేటు చక్రముతోపాటు తిరిగి చక్రము పట్టివేయును. బ్రేకు పెడలు 20 నుండి 30 మిల్లీమీటర్లు వట్టిగా కదలిన తరువాత పట్టునట్లు రాడ్డు నట్టును సరిచేయవలెను. చక్రము జరిగినది గనుక ఇది తప్పనిసరి. వెనుక బ్రేకు దీపము వెలుగుచున్నది లేనిదియు చూడవలెను.

కవర్లు బిగించిన పిదప బరువు లేకుండ నెమ్మదిగా కొంతదూరము నడిపి, ఆగి, చైనును, నట్లను చూడవలెను. క్రొత్త చైను మొదటి దినములలో కొంత వదులగును. కావున 100 కిలోమీటర్లకు ఒకసారి, 500 కిలోమీటర్లకు ఒకసారి సరిచూచుకొనవలెను.

పాత బుల్లెట్టు బండ్లు గలవారికి

1955 నుండి మద్రాసులో తయారైన బుల్లెట్టు పాత రకములో, అనగా నాలుగు గేర్లతో కుడికాలి వైపు గేరు పెడలు గల బండ్లలో, ముందు స్ప్రాకెట్టు ఎడమవైపు క్లచ్చి వెనుక దాగియుండును. దానిని మార్చుటకు ప్రైమరీ కవరు, క్లచ్చి తీయవలెను; అందుకు ప్రత్యేకమైన పుల్లరు కావలెను. దానిని అనుభవముగల మెకానిక్కునకు ఒప్పగించుట మేలు. అయినను "ముందుది అందదు, వెనుకది మార్చెదము" అను మాటకు ఒప్పుకొనరాదు. ఈ బండ్ల చైను లంకె ఎడము 15.875 మిల్లీమీటర్లు, 20 లంకెలకు క్రొత్తదానిలో 317.5 మిల్లీమీటర్లు రావలెను.

పండ్ల సంఖ్య మార్చవచ్చునా?

బరువులు లాగుటకు కొందరు ముందు స్ప్రాకెట్టులో ఒక పన్ను తగ్గింతురు. దీని ఫలితమును లెక్కతో తెలిసికొనవచ్చును. ముందు 14, వెనుక 42 పండ్లున్నచో నిష్పత్తి 3. ముందుదానిని 13 చేసినచో నిష్పత్తి 3.23 అగును. అనగా లాగు శక్తి నూటికి సుమారు 8 పాళ్లు పెరుగును. కాని అదే వేగమునకు ఇంజను అంతమేరకు ఎక్కువసార్లు తిరుగవలెను. పెట్రోలు ఎక్కువ ఖర్చగును. చిన్న స్ప్రాకెట్టుపై చైను ఎక్కువగా వంగి త్వరగా అరుగును. గుట్టల ప్రాంతములో నిత్యము బరువు మోయువారికి తప్ప తక్కినవారికి కంపెనీ ఇచ్చిన సంఖ్యయే శ్రేష్ఠము.

చైను పోషణ

క్రొత్త సెట్టు ఎన్నాళ్లు నడుచునన్నది అది తిను ఆయిలుపై ఆధారపడి యుండును. 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిసినప్పుడు వెంటనే, చైనును కిరసనాయిలు లేక డీజిలులో తడిపిన బ్రష్షుతో శుభ్రపరిచి, పొడిగుడ్డతో తుడిచి, 90 నంబరు గేరు ఆయిలు వేయవలెను. పైపైన పూసిన ప్రయోజనము లేదు. లోపలి బిళ్లకును బయటి బిళ్లకును నడుమనున్న సందులో చుక్కచుక్కగా పడవలెను. అప్పుడే పిన్ను వరకు చేరును. రాత్రి ఆయిలు వేసి, ఉదయము మిగిలినది తుడిచి బండి తీయుట మంచి పద్ధతి.

ఇంజను నుండి తీసిన నల్లని పాత ఆయిలును చైనుకు వాడరాదు. అందులో సన్నని ఇనుప రజను, మసి యుండును. గ్రీజును దట్టముగా పూసినచో చెల్క నేలల ఇసుక దానికి అంటి ఆకురాయివలె అరుగదీయును. దమ్ము పొలములనుండి, రేగడి బాటలనుండి వచ్చిన బండి చైను కవరులో బురద గట్టిపడును; ఆ దినముననే నీటితో కడిగి, ఆరిన పిదప ఆయిలు వేయవలెను. పెట్రోలుతో కడుగుట అగ్నిప్రమాదమునకు దారితీయును. లంకెల నడుమ రబ్బరు రింగులున్న చైనులకు పెట్రోలును, ఇనుప బ్రష్షును అసలే తగిలింపరాదు.

ప్రాణరక్షణ సూత్రములు

1. ఇంజను నడుచుచుండగా గుడ్డతో చైను తుడువరాదు, ఆయిలు వేయరాదు. గుడ్డతోపాటు వ్రేళ్లు స్ప్రాకెట్టులోనికి పోవును. కనురెప్పపాటులో వ్రేళ్లు తెగిన తరువాత చేయునది లేదు. చక్రమును చేతితోనే త్రిప్పవలెను.

2. పని జరుగుచున్నంతసేపు పిల్లలను దూరముగా నుంచవలెను. చక్రము త్రిప్పుట పిల్లలకు ఆట.

3. చైను కవరు, చీర గార్డు లేని బండిపై స్త్రీలను కూర్చుండబెట్టరాదు. చీరచెంగు గాని చున్నీ గాని చైనులో చిక్కినచో మనిషిని లాగి పడవేయును. పంచె కట్టువారికి కూడ ఇదే వర్తించును. పని అయిన పిమ్మట "తరువాత చూతములే" అని కవరును మూల పెట్టరాదు.

4. మిగిలిన బోల్టు ఏదైన పళ్లెములో కనబడినచో అది ఎచ్చటిదో తెలియువరకు బండిని కదల్పరాదు.

ముగింపు

ఇచ్చట చెప్పిన సూత్రములు మోటారు సైకిలుకే పరిమితము కావు. విత్తనపు గొర్రు, నూర్పిడి యంత్రము మున్నగు వానిలో నున్న రోలరు చైనులును ఇట్లే పనిచేయును, ఇట్లే అరుగును. 20 లంకెల కొలత, సూటి, తగిన వదులు, శుభ్రమైన ఆయిలు – ఈ నాలుగు తెలిసిన రైతు ఏ యంత్రపు చైనునైనను కాపాడుకొనగలడు. మార్చిన తేదీని, అప్పటి కిలోమీటర్ల సంఖ్యను గోడపైనున్న క్యాలెండరులోనో, లెక్కల పుస్తకములోనో వ్రాసి యుంచుడు. ఈ వారములో ఒక ఉదయము స్కేలు తీసికొని మీ బండి చైనును కొలిచి చూడుడు. 259 వచ్చినచో ఆ దినమున బస్తాలు ఎత్తక, ముందుగా చైను సంగతి చూచుడు.